బండ కట్టని రోజులు

ఆటో దిగేటప్పుడు కావ్య ముందు ఎడమ కాలు నేల మీద మోపి, కుడి తొడను రెండు చేతులతో పట్టుకుని కిందికి దించుకుంది. వాకిట్లో కూర్చుని ఉలవలు చెరుగుతున్న కమలాక్షమ్మ అది చూసింది. చేట ఆగిపోయింది. ఆటోలో మిగిలిన బడిపిల్లలు ఏదో అని నవ్వారు. కావ్య కూడా నవ్వి, చెయ్యి ఊపి, ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. అది కనుమరుగయ్యాకే నడవడం మొదలుపెట్టింది.

"ఏందిమే, అట్ల నడుస్తాండావ్?"

"ఏం లేదవ్వా. తిమ్మిరెక్కింది."

తిమ్మిరెక్కితే మనిషి కాలు విదిలిస్తుంది. మనవరాలు విదిలించలేదు. గడప దగ్గర గోడ పట్టుకుని, మెట్టుకు అడ్డంగా తిరిగి, ఒక్కొక్క కాలే పైకి లాక్కుంది. కమలాక్షమ్మ మోకాళ్ల నొప్పులతో రోజూ ఎక్కేది అలాగే. పద్నాలుగేళ్ల పిల్ల తనలా మెట్టెక్కడం చూసి ఆమెకు చెప్పలేని భయం వేసింది. ఉలవల్లో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

కొట్టంలో ఆమె కొడుకు నరసింహులు ఎద్దుల తొడలకు ఆముదం పట్టిస్తున్నాడు. అరచేతి మొదలుతో పైనుంచి కిందికి నొక్కి, కండ మెత్తబడిందో లేదో వేళ్లతో తడిమి, మళ్లీ పైనుంచి మొదలుపెడుతున్నాడు. ఎద్దు కళ్లు సగం మూసి నిలబడింది. ఆదివారం చాగలమర్రి దగ్గర తిరునాళ్లలో బండలాగుడు పందెం. దానికి ముందు రోజు, శనివారం, నంద్యాలలో కావ్య పరుగు. క్రీడా పాఠశాలకు పిల్లల్ని ఏరుకునే పోటీ అది. నాలుగు వందల మీటర్లలో ముందు వచ్చిన పిల్లను తీసుకుపోయి, హాస్టల్లో పెట్టి, చదువూ తిండీ పరుగూ అన్నీ వాళ్లే చూస్తారు. ఈ ఇంట్లో రెండు పందేలూ నరసింహులువే. రెండూ గెలవాలని అతనికి ఉంది.

"యమ్మే, బ్యాగు ఆడ పడేసి బిరీన రా. తొట్టి అడుగంటింది. ఎద్దులు నోరెండుకోని ఉండాయి."

"వస్తాండా నాయనా."

బోరు దగ్గరినుంచి కొట్టం దాకా బిందెలు మోయడం కావ్య పని. కోడలు, కావ్య తల్లి, తెల్లవారి పత్తి ఏరను పోతే చీకటి పడ్డాకే వస్తుంది. పత్తి పగిలిన రోజుల్లో ఇంటి ఆడది ఇంట్లో ఉండదు. కమలాక్షమ్మ బిందె ఎత్తలేదు. అందుకని ఉదయం ఆ పిల్లే, సాయంత్రం ఆ పిల్లే. బిందె నడుమున పెట్టుకుని నడుస్తుంటే కావ్య మోకాలు వంగడం లేదు. కాలిని పక్కనుంచి తిప్పి వేస్తోంది. నీళ్లు తొణికి లంగా ఒక పక్క తడిసిపోయింది.

"వాకిలంతా బురద చేస్తాండావే! దినం అంతా బడిలో కూచోనే ఉంటివి గదా, ఇంతలోకే ఏం అలుపు?" అన్నాడు నరసింహులు. అతని గొంతులో కోపం లేదు. ఎద్దు మెడ కింద గోకుతూ అన్నాడు.

"అలుపేం లేదు నాయనా."

కమలాక్షమ్మ నోటిదాకా ఒక మాట వచ్చింది. పిల్లను కూర్చోనివ్వమని. ఆ మాట వెనకనే ఇంకోటి వచ్చి దాన్ని అణిచేసింది. కూర్చుంటే అలుపు తీరుతుంది. అలుపు తీరితే పరిగెత్తుతుంది. పరిగెత్తితే తీసుకుపోతారు. హాస్టల్లో వేసిన పిల్లల్ని ఏడాదికి రెండు సెలవులకే ఇంటికి పంపుతారని విన్నప్పటి నుంచి ఆమె కంచంలో రాత్రి అన్నం సగం మిగిలిపోతోంది.

ఆమె ఉలవలు తీసుకుని లోపలికి పోయింది.

*

బుధవారం తెల్లవారుజామున నరసింహులు కావ్యను కొట్టం వెనక చేలోకి తీసుకుపోయాడు. ఈ పది పదిహేను రోజులుగా అదే వరస. ట్రాక్టరు పాత టైరుకు పగ్గం కట్టి, పగ్గం రెండో కొసను పిల్ల నడుముకు కట్టాడు. ఒరుసుకుపోకుండా గోనెపట్ట మడిచి పెట్టాడు. తొడల్లో ఇంకా బలం రావాలని బడిలో ఆటల టీచరు లూదియా మేడం ఒకసారి అన్నది. బలం ఎట్లా వస్తుందో నరసింహులుకు ఎవరూ నేర్పనక్కర లేదు. బండ లాగిన ఎద్దుకే బలం.

దున్నిన నల్లరేగడి. మంచుకు పైపొర తడిసి, టైరు మట్టిని ముందుకు తోసుకుంటూ బరువెక్కుతోంది. కావ్య ముందుకు వంగి, చేతులు తొడల మీద ఆనించి అడుగు వేస్తోంది. నరసింహులు పక్కనే నడుస్తూ చప్పట్లు కొడుతున్నాడు.

"ఊ... ఊ... ఆపాకు. ఆపినావంటే మళ్ల కదిల్చేది కష్టం. తోయ్, మడమతో తోయ్."

అటు చివరిదాకా పోయి వెనక్కి తిరిగేటప్పుడు పిల్ల నిలబడిపోయింది. తండ్రి తిట్టలేదు. దగ్గరికి పోయి భుజం తట్టి, గోనెపట్ట సర్ది, మళ్లీ చప్పట్లు కొట్టాడు. కొట్టంలో ఎద్దులు జొన్నచొప్ప నములుతూ ఇటే చూస్తున్నాయి.

ఆ సాయంత్రం ఆటోలో కావ్యతో పాటు లూదియా మేడం దిగింది. పొట్టి జుట్టు, మెడలో ఈల, ఎండకు కమిలిన ముఖం. రోజూ నంద్యాల నుంచి బస్సులో ఆళ్లగడ్డ బడికి వచ్చిపోయే మనిషి. ఈ వేళకు తిరుగు బస్సులో ఉండాల్సింది. కమలాక్షమ్మ పొయ్యి ముందు ఉంది. ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టే పెద్ద గుండిగ పొయ్యి మీద ఉంది. కావ్య లోపలికి పోయి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"నరసింహులన్న లేడా పెద్దమ్మా?"

"ఎద్దులకు శనగచెక్క తెచ్చను పోయినాడు. కూచో మేడం. ఏం, పిల్ల ఏమన్నా తప్పు చేసిందా?"

"ఏం చేయలేదు. అదే బాధ. ఈ పొద్దు నాలుగు వందలు పరిగెత్తమంటే సగంలో నడిచేసింది. నా దగ్గర ఎన్నడూ నడవలేదు ఈ పిల్ల. పడిపోయేదాకా పరిగెత్తే రకం."

"చివర్లో కాళ్లు పట్టేస్తాయని ఎప్పుడూ అంటాది గదా."

"చివర్లో పట్టేయడం అందరికీ ఉంటుంది. ఇది వేరే." లూదియా పీట జరుపుకుని పొయ్యి దగ్గరగా కూర్చుంది. "ఈ పొయ్యినే చూడండి. ముందు చితుకులు వేసినారు గదా, భగ్గున లేచి అట్లే అయిపోయినాయి. పరుగు మొదట్లో కండ కూడా అంతే. లోపల కొన్ని చితుకులు దాచుకోని ఉంటుంది. గాలి ఆడినా ఆడకపోయినా అవి మండుతాయి. గట్టిగా పది అంగల్లోనో ఇరవై అంగల్లోనో అయిపోతాయి."

"ఆ తర్వాత?"

"తర్వాత కట్టె అందుకోవాలి. కానీ అంత వేగంగా పరిగెత్తే మనిషికి చాలినంత గాలి అందదు. గాలి చాలని పొయ్యిలో మంటా ఉంటుంది, పొగా ఉంటుంది. నాలుగు వందలంటే చాలావరకు ఆ పొగలోనే పరుగు. చివరి వందలో పొగ కమ్ముకుంటుంది, కండ బిగియమంటే బిగియదు. కాళ్లు మంటెత్తిపోతాయి. నిదానంగా దూరం పరిగెత్తేవాళ్ల కథ వేరు, వాళ్ల పొయ్యికి గాలి బాగా ఆడుతుంది."

"మా పిల్లకు పొగ పట్టినాదంటావా అయితే?"

"పొగైతే నేను బస్సు ఇడిసిపెట్టి ఈడికి వస్తానా పెద్దమ్మా? ఆ పొగ గంటసేపట్లో పోతుంది. జనం దాన్ని చూసే భయపడతారు గానీ భయపడాల్సింది దానికి కాదు. ఈమె మొదటి మలుపులోనే తేలిపోయింది. అప్పటికింకా పొగ రానే రాలేదు. లోపల కట్టెలే లేవు. ఒకసారి ఖాళీ అయినాయంటే మళ్లీ నిండను కడుపునిండా తిండి కావాలి, నిద్ర కావాలి, ఒకటి రెండు రోజులు ఊరికే ఉండాలి. పైగా తొడ ముట్టుకుంటే ఉలిక్కిపడుతోంది. మోయలేని బరువు పడితే కండ లోపల సన్నగా చిరుగుతుంది. దాని అలుపు ఇంకో రకం." లూదియా గొంతు తగ్గించింది. "ఇంట్లో ఏం పని చేయిస్తున్నారు?"

గుండిగలో ఉలవలు కుతకుతమంటున్నాయి. కమలాక్షమ్మ గరిటె తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఏం పని? కూచోబెట్టి పెడతాండాం. రాణీ మాదిరి."

తలుపు పక్కన కావ్య కదల్లేదు.

"నిజమేనా? నేనే ఒకసారి అన్నాను, తొడలకు బలం కావాలని. దానికోసం మీవాళ్లు ఏమన్నా చేయిస్తున్నారేమో అని..."

"నాకేం తెల్దు మేడం. పొయ్యి ముందర ఉండే ముసిల్దాన్ని."

లూదియా కావ్య వైపు చూసింది. కావ్య అవ్వ వైపు చూసి, తలదించుకుని, "ఏం చేయడం లేదు మేడం," అంది.

టీచరు లేచింది. రేపటి నుంచి నంద్యాలలో గ్రౌండు ఏర్పాట్ల పని తనకు వేశారనీ, బడికి రాననీ, పిల్లను మాత్రం శనివారం దాకా ఒక్క అడుగు కూడా పరిగెత్తించవద్దనీ చెప్పింది. ఆటో కోసం రోడ్డు మీద చాలాసేపు నిలబడింది. కమలాక్షమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. పిలిచి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆటో వచ్చింది, మనిషి ఎక్కింది.

"అవ్వా," అంది కావ్య వెనకనుంచి. "గుగ్గిళ్లు దించేదా? మాడతాండాయి."

అంతే అంది. అబద్ధం ఎందుకు చెప్పావని అడగలేదు. అడిగి ఉంటే కమలాక్షమ్మకు కొంత తేలికగా ఉండేది. రాత్రి పిల్ల పిక్కలు పిసుకుదామని చెయ్యి వేస్తే, తడిసి ఆరిన తాడులా ఉంది కండ. నిద్రలోనే పిల్ల కాలు వెనక్కి లాక్కుంది.

*

గురువారం పొద్దున లాడాలు కొట్టే అమీర్ బాషా వచ్చాడు. మోపెడ్ మీద సంచి, సంచిలో సుత్తి, పట్టకారు, గిట్టలు చెక్కే కత్తి. కుడి ఎద్దుకు ఒక లాడం వదులైందని నరసింహులు కబురు పెట్టాడు. కమలాక్షమ్మ వేన్నీళ్ల చెంబు అతని పక్కన పెట్టి, కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది.

"ఎద్దులు మంచి కళమీద ఉండాయన్నా," అన్నాడు అమీర్ బాషా గిట్ట ఎత్తి పట్టుకుని. "పొద్దున బండ కట్టినావా?"

"యాడ! మంగళారం నుంచి బండ నీడ గూడ పడనీలేదు. పందెం ముందర నాలుగు దినాలు కట్టకూడదప్పా. కండ కోలుకోవల్ల. అలిసిన ఎద్దును దింపినావనుకో, రెండో మలుపుకే మోకాళ్ల మీద కూలబడ్తాది. పరువు పోతాది."

ఆ మాట కమలాక్షమ్మకు కొత్త కాదు. అత్తగారింటికి వచ్చినప్పటి నుంచి వింటున్నదే. మామ చెప్పేవాడు, మొగుడు చెప్పేవాడు. పందెం ముందు ఎద్దును ఎండలో కూడా కట్టనివ్వరు. ఈగ వాలితే విసనకర్ర తెమ్మనేవాళ్లు.

చేలోంచి టైరు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. అమీర్ బాషా గిట్ట వదిలి తలెత్తాడు. కావ్య సగం సాలు దాకా వచ్చి ఆగింది. మళ్లీ వంగి లాగింది. టైరు రాలేదు. ముందుకు పడబోయి, చేతులు మట్టిలో ఆనించి నిలదొక్కుకుంది.

"ఏమన్నా నరసింహులన్నా," అమీర్ బాషా మేకు నోట్లో పెట్టుకునే అన్నాడు, "ఆ మూడో ఎద్దుకు గూడ లాడాలు కొట్టేదా?"

నరసింహులు పెద్దగా నవ్వాడు. "దానికి వద్దులేప్పా, బూట్లు కొనిచ్చినా!"

మాట చేలోకి వినబడింది. కావ్య కూడా నవ్వింది. మోచేతుల దాకా మట్టితో, అట్లే వంగి ఉండి, తల మాత్రం ఎత్తి నవ్వింది. ఆటోలో పిల్లలతో నవ్వినట్టే.

కమలాక్షమ్మ గుంజ వదిలి నడిచింది. దున్నిన చేలో ఆమె దిగి ఎన్నాళ్లో అయింది. చెప్పులు రేగడిలో దిగబడితే వాటిని అక్కడే వదిలేసింది. వెనకనుంచి కొడుకు "యాడికి మా?" అంటున్నాడు. ఆమె పిల్ల దగ్గరికి పోయి, నడుముకున్న ముడి మీద చెయ్యి వేసింది. మంచుకూ చెమటకూ తడిసి ముడి బిగుసుకుపోయింది. గోళ్లతో లాగింది. రాలేదు.

"బాషా, ఆ కత్తి ఇట్ల తీసుకరా."

అమీర్ బాషా నవ్వు ఆపి, నరసింహులు ముఖం వంక చూశాడు.

"ఆయప్పను సూస్తావేంది? నేను అడుగుతాండా. తే."

అతను కత్తి తెచ్చి ఇచ్చాడు. కమలాక్షమ్మ పగ్గం కోయసాగింది.

"కొత్త పగ్గం మా!" నరసింహులు పరుగున వచ్చాడు. "నీకేమన్నా పిచ్చి పట్టినాదా? ఇంక రెండే దినాలుండేది పందేనికి!"

"అందుకే కోస్తాండా."

"మేడమే చెప్పినాది తొడల్లో బలం లేదని!"

"మేడం నిన్న ఇంటికొచ్చినాది. పిల్లకు ఏం పని చెప్తాండారని అడిగినాది. కూచోబెట్టి పెడతాండామని చెప్పినా." పగ్గం తెగి కింద పడింది. "ఆ మాట నిజం చేయల్ల గదరా నరసింహులూ."

అతను కొట్టం వైపు చూశాడు. మళ్లీ కూతురి వైపు చూశాడు. ఏదో లెక్క తప్పినట్టు అతని కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"నేనేం చెరుపు కోరి చేసినానా? ఎద్దుకన్నా ఎక్కువ చూసుకుంటాండా దీన్ని."

"ఎద్దు మాదిరన్నా చూసుకోరా."

అమీర్ బాషా సంచి సర్దుకునే పనిలో పడ్డాడు.

"దీన్ని నంద్యాలకు పిల్చకపోతా. శనారం దాకా మేడం ఇంట్లో పండుకుంటాది."

"నీళ్లెవరు మోస్తారు?"

"ఎద్దులు ఎవరివి?"

కావ్య ఒకసారి అవ్వను, ఒకసారి నాయనను చూసి, నడుము మీద గోనెపట్ట ఊడదీసుకుని చేతిలో పట్టుకుని నిలబడింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తండ్రి అది తీసుకున్నాడు.

కావ్య ఫోను చేస్తే మేడం, "రండి, తొందరగా రండి," అంది. ఇంకేమీ అడగలేదు. ఆళ్లగడ్డ బస్టాండు దాకా నరసింహులే మోటారుసైకిలు మీద తెచ్చాడు. బస్సు ఎక్కాక అతను కిటికీ కిందికి వచ్చి, అటూ ఇటూ చూసి, "కాళ్లు ఏలాడేసుకోని కూచోవాకు. సీటు మీద సాచుకో. కండక్టరు ఏమన్నా అంటే నొప్పి అని చెప్పు," అన్నాడు. అని, బస్సు కదలకముందే వెళ్లిపోయాడు.

కావ్య కాళ్లు అవ్వ ఒళ్లో సాచుకుంది. పక్కన పత్తి చేలు తెల్లగా సాగిపోతున్నాయి. ఎక్కడెక్కడో వంగిన వీపులు.

"అవ్వా, నేను సెలెక్టయితే నీకు ఇష్టం లేదు గదా?"

నిన్న ఒకసారి చెప్పిన అబద్ధం చాలు.

"లేదు," అంది కమలాక్షమ్మ.

"మళ్ల యాల పిల్చకపోతాండావ్?"

"ఇష్టం లేకపోతే పోవద్దని చెప్పల్ల. కాళ్లు ఇరిగేదాకా చూస్తా కూచుంటారా యాడన్నా?"

"నువ్వు పోవద్దంటే పోను అవ్వా."

ఆ మాట కోసం ఆమె ఎన్ని రాత్రులు కాచుకుని ఉందో! ఇప్పుడు అది ఒళ్లోకి వచ్చి పడింది, పిల్ల కాళ్లంత బరువుగా. కమలాక్షమ్మ పిల్ల పాదానికి అంటిన రేగడి మట్టి గోటితో గీకింది.

"నోరు మూసుకోని పండుకో. మాట్లాడితే గూడ అలుపే."

*

లూదియా ఇల్లు నంద్యాలలో రైలు పట్టాల దగ్గరి సందులో ఉంది. ఒక గది, వంటిల్లు, గోడకు వేలాడే పతకాలు. గ్రౌండు పని మధ్యలో వదిలి వచ్చిన ఆమె కావ్యను మంచం మీద కూర్చోబెట్టి తొడలు వేళ్లతో తడిమింది. నడుము చుట్టూ ఒరుసుకుపోయిన ఎర్రటి గీత చూసింది. కమలాక్షమ్మ తలుపు దగ్గరే నిలబడి, టైరు సంగతీ బిందెల సంగతీ చెప్పింది. నిన్న తాను ఎందుకు దాచిందో కూడా చెప్పింది. లూదియా ఆ గీత మీద మెల్లగా కొబ్బరినూనె రాసింది.

"బలం కావాలని చెప్పి, ఎట్లనో చెప్పకపోవడం నా తప్పు," అంది చివరికి. "అన్నం తిందురు రండి."

కావ్య ముద్దపప్పు అన్నం రెండుసార్లు పెట్టించుకుంది. మూడోసారి మేడం అరటిపండు వలిచి చేతిలో పెడితే, సగం తిని, మిగతా సగం చేతిలో ఉండగానే నిద్రపోయింది. లూదియా ఆ ముక్క మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"గెలుస్తుందా?" అని అడిగింది కమలాక్షమ్మ.

"చెప్పలేను పెద్దమ్మా. తిని పడుకుంటే రెండు రోజుల్లో ఒంట్లోకి శక్తి వస్తుంది. చిరిగిన కండ మాత్రం అంత బిరీన అతకదు. శనివారం తన పరుగు తాను పరిగెత్తుతుంది, సగంలో నడవదు. అంతవరకే నా చేతిలో ఉండేది. వేరే పిల్లలు కూడా పరిగెత్తేవాళ్లే గదా."

"గెలిస్తే ఎప్పుడు పిల్చకపోతారు?"

"పై వారంలోనే."

కమలాక్షమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. నిద్రలో కావ్య పిక్క తనంతట తానే అదిరింది. ఆగింది. మళ్లీ అదిరింది. ఆమె చెయ్యి వేయబోయి మానుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. రైలు ఒకటి పోతే కిటికీ చువ్వలు గలగలమన్నాయి. పిల్ల లేవలేదు. చాలాసేపటికి పిక్క అదరడం తగ్గి, చివరికి ఆగిపోయింది. ముఖం వదులైంది. చిన్నప్పుడు ఉయ్యాలలో చూసిన ముఖం.

నాలుగు దాటితే ఆళ్లగడ్డ బస్సుల్లో జనం నిండుతారు. ఇంటి దగ్గర గుండిగ పొయ్యి మీద పెట్టాలి, కోడలు వచ్చేసరికి అన్నం వండాలి. కమలాక్షమ్మ గోడ పట్టుకుని లేచింది.

"లేపేదా?" అంది లూదియా. "చెప్పకుండా పోతే లేచి ఏడుస్తుంది."

"ఏడిస్తే శనారం తర్వాత ఏడవనీ. ఇప్పుడు లేపాకు."

"మీరు శనివారం రారా?"

"వాళ్ల నాయన వస్తాడు. నేను వస్తే నన్ను చూస్తాది. ముందరికి చూడల్ల గదా."

ఆమె మనవరాలి వైపు వంగి, విడిపోయిన జడ దిండు మీదికి సర్దింది. మేడం చీర కట్టుకుని బస్టాండు దాకా వస్తానని అన్నా ఒప్పుకోలేదు. పిల్ల లేచేసరికి ఇంట్లో మనిషి లేకుండా ఉండొద్దని చెప్పింది. తనవి చేలోనే ఉండిపోయాయని మేడం ఇచ్చిన పాత చెప్పులను, చప్పుడవుతుందని, చేత పట్టుకుని గడప దాటింది. తలుపు దగ్గరికి వేసింది.

సందులో ఎండ తగ్గలేదు. పాలవాడు బండి ఆపి ఆమెను చూశాడు. ఎవరో ఆడమనిషి మిద్దె మీదనుంచి, "ఏమ్మా, కాళ్లు కాలతాండ్లేదా?" అని అరిచింది.

అప్పుడు గానీ చెప్పులు ఇంకా తన చేతిలోనే ఉన్నాయని కమలాక్షమ్మకు తెలియలేదు.